గాలి పీల్చి నిలబడు

నేను చెప్పను గాక చెప్పను తల్లీ. ఆ ఫోను దించు ముందు. మొగానికి అంత దగ్గర పెడితే నాకు మాట రాదు. వచ్చినా నువ్వు రాసుకొచ్చిన మాట మాత్రం రాదు.

ఏమని రాసినావూ? మళ్ళొకసారి చదువు. "మా మనవరాలి వెన్ను వంకర మందుల్లేకుండా, ఆపరేషన్ లేకుండా, చేతులతోనే సక్కగయింది." ఓయమ్మా! ఎంత బాగా రాసినావు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్లుండాది. మింగేదొకటే తక్కువ. ఆ మింగేదే నా వల్ల గాదు.

మా వాడు చెప్పించుకోమన్న్యాడా? హరినాథ్ అన్నింటికీ సరే అంటాడు. నా కొడుకు నాకు తెలియదా? వాడేమో హిందూపురంలో పార్టీ మీటింగని పోయినాడు. కోడలు పిల్లను పిల్చుకోని అనంతపురం పోయింది. ఇంట్లో మిగిలింది నేను. "మా అమ్మతో మాట్లాడించుకోండి" అని నీకు ఫోన్లో చెప్పినాడంటే, వాళ్ళమ్మ ఎట్లాంటిదో వానికి ఇంగా తెలియలేదన్నమాట. నలభై మూడేండ్లాయె వాడు నా కడుపున పుట్టి!

కుచ్చో, కుచ్చో. లేస్తావెందుకు? ఇంత ఎండలో హిందూపురం నుంచి గోరంట్లకు బస్సులో వస్తివి. నువ్వు జ్యోతిలక్ష్మివి గదూ? ఆ ఎముకలు సర్దే సెంటరు సారు పెండ్లానివి. ముందర టేబుల్ తావ కూచోని పేర్లు పిలుస్తాంటివి. మా సుష్మకు పోయినప్పుడల్లా ఒక చాక్లెట్ ఇస్తాంటివి. నాకు బాగా జ్ఞాపకం ఉండాది. ఆ చాక్లెట్ మర్యాదకే నిన్ను కూచోబెట్టి మాట్లాడతాండా. ఇంగొకరైతే గడప కాడే మళ్ళేసి పంపేదాన్ని.

జరిగింది చెప్తా. విను. విన్న్యాక కూడా ఆ వీడియో కావల్లంటే అప్పుడు చూద్దాం.

రెండేండ్ల కిందటి మాట. సుష్మకు అప్పుడు పన్నెండు నిండినాయి. ఆదివారం పెరట్లో ప్రసూన పిల్లకు తలకు పోస్తాండాది. ప్రసూనంటే నా కోడలు, నువ్వు చూసినావు గదా, మాట తక్కువ మనిషి. పిల్లకు జుట్టు శానా. ముందరికి వేసుకోని, నడుము కాడికి వంగి నిలబడిండాది. నేను సీకాయ గిన్నె తెస్తాండా. ఉన్నట్టుండి నా కోడలు చెంబు కింద పెట్టేసె.

"అత్తా, రొంత ఈడ చూడండి" అనె.

చూస్తే ఏముందమ్మా! ఆ వంగిన వీపు మీద కుడిపక్క చేట బోర్లించినట్లు లేచిండాది. ఎడమపక్క పల్లం. లేసి నిలబడు పాపా అంటే నిలబడె. ఏమీ లేదు. అందరి పిల్లల మాదిరే ఉండాది. మళ్ళ వంగమంటే మళ్ళ అదే.

"ఏమి జేజీ, వీపు మీద ఏమన్నా పాకుతాందా?" అని అది నవ్వుతాంది. కండ్లల్లో నురగ పడి ఒకపక్క తుడుచుకుంటాంది. నొప్పి లేదు, ఏమీ లేదు దానికి. నొప్పన్నా ఉండింటే బిరీన తెలిసేది.

ఇంగ ఆ పొద్దు నుంచి ఇంటి చుట్టూ డాక్టర్లే. పక్కింటి రామక్క గోడ మీంచి చూసినట్లుండాది, "కడుపులో ఉన్నప్పుడు గ్రహణం పట్టింటాది" అనె. ఒకరు ఫోను చూసి చూసి అట్లయింది అనిరి. ఒకరు ఒక్కపక్కే పండుకోని అట్లయింది అనిరి. మా వాడు పొద్దంతా ఆలోచన చేసి, ఇస్కూల్ బ్యాగు అనె.

బ్యాగే ఎందుకు నచ్చిందో తెలుసునా వానికి? బ్యాగైతే ఇస్కూలోళ్ళను తిట్టొచ్చు. నలుగురిని ఎంటేసుకోని పోయి అర్జీ ఇయ్యొచ్చు. పేపర్లో ఫోటో వస్తాది. గ్రహణం మీద అర్జీ ఎవురికిస్తాం చెప్పు?

ఇచ్చినాడు. ఫోటో కూడా వచ్చింది. 'పసిపిల్లల వెన్ను విరుస్తున్న పుస్తకాల మోత' అని. బ్యాగు తేలికయింది. వీపు మాత్రం అట్లే ఉండె.

ప్రసూన పట్టు పట్టింది గాబట్టి అనంతపురంలో ఎముకల డాక్టరు తావకు పోతిమి. చిన్న వయసే ఆయనది. పిల్లను ముందుకు వంగమనె, భుజాలు చూసె, నడుము చూసె, ఎక్స్‌రే తీయించె. ఆ ఫిల్ము ఎలుతురుకు పెట్టినప్పుడు చూడల్ల నువ్వు. ఇసకలో పాము పోయిన జాడ మాదిరి ఉండాది నా మనవరాలి వెన్ను.

ఏదో పేరు చెప్పినాడు. స్కోలియోసిస్ అంట. నాకు నోరు తిరిగేటప్పటికి ఆరు నెలలు పట్టె.

"అమ్మా, ఇందులో ఎవరి తప్పూ లేదు" అన్న్యాడు ఆయన. "పెరిగే వయసులో కొందరు పిల్లలకు వెన్నుపూస ఇట్లా పక్కకు తిరుగుతుంది. ఆడపిల్లలకు ఎక్కువ ముదురుతుంది. బ్యాగు వల్ల కాదు, పడుకోవడం వల్ల కాదు. ఎందుకు వస్తుందో మాకూ పూర్తిగా తెలియదు."

మాకూ తెలియదు అన్న్యాడు చూడు, నాకు ఆ మాట నచ్చింది. తెలియంది తెలియదని చెప్పే డాక్టరును నేను యాడా చూడలే. మా వానికి మాత్రం నచ్చలేదు. బయటికి వస్తూనే, "వానికే తెలియనప్పుడు మనకేమి చెప్తాడు?" అనె.

ఆయన చెప్పింది శానా చిన్న మాటమ్మా. ఇప్పుడు వంకర తక్కువగానే ఉండాది, ఇరవై నాలుగు డిగ్రీలు. కానీ పిల్ల ఇంగా పెరగల్ల, పెరిగే కొద్దీ అదీ పెరగొచ్చు. నాలుగు నెలలకొకసారి తీసుకురాండి, చూస్తుంటాం. పెరిగితే బ్రేస్ అని వొంటికి డబ్బా మాదిరిది ఒకటి తొడగల్ల. మరీ ముదిరితే ఆపరేషన్. ఇంతే ఆయన చెప్పింది.

మా వానికి ఇందులో ఏమి వినపడిండాది చెప్పు చూద్దాం? ఆపరేషన్! ఆ వొక్క మాటే. దారి పొడుగునా కారులో అదే. "నా బిడ్డ వీపు కోస్తారంట." ఎవురు కోస్తామన్న్యారురా అంటే వినడు. "ఎవురికీ చెప్పొద్దు, ఊర్లో ఎవురికీ తెలియగూడదు" అనె. ఇంగొకటి కూడా అన్న్యాడు. పిల్ల కారులో ఉండంగనే, ప్రసూన దిక్కు తిరిగి, "మా వంశంలో యాడా ఇట్లాంటివి లేవు. మీ పుట్టింటోళ్ళ నుంచే వచ్చింటాది" అనె. నా కోడలు కిటికీలో నుంచి బయటికి చూస్తా కూచునింది.

అప్పుడొచ్చినాడు శ్రీకాంత్. మా వాని ఎనకాల తిరుగుతాంటాడే, వాడు. ఫోన్లో ఒక వీడియో చూపించినాడు. మీ ఆయనే. ఒకాయన మెడ పట్టుకోని ఇట్లంటే టప్! నడుము తిప్పితే టపటప! మంచం మీద మోసుకొచ్చినాయన లేసి నడుచుకుంటా పోతాండాడు. "అన్నా, కత్తి లేదు, సూది లేదు, మన హిందూపురమే" అనె శ్రీకాంత్. మా వాని మొగం యెలిగిపోయె.

మీ సెంటరుకు వస్తిమి. నిజం చెప్తా, నాకూ బాగనిపించె. సల్లగా ఏసీ, సాంబ్రాణి వాసన, మూలన ఎముకల బొమ్మ యాలాడతాండాది. మీ ఆయన ఎంత మర్యాదగా మాట్లాడినాడు! అనంతపురం డాక్టరుకు తెలియంది ఏదీ ఈయనకు తెలియకుండా పోలేదు. పిల్లను పండబెట్టి రెండు కాళ్ళూ పట్టుకోని, "చూడండి, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, అసలు కిటుకు ఇక్కడుంది" అనె. మేమందరం వంగి చూస్తే నిజమే! ఆయప్ప లాగి, తిప్పి, టప్పుమనిపించి మళ్ళ చూపించె. రెండూ సమం! మా వాని కండ్లల్లో నీళ్ళు తిరిగె.

నాకు మెడ పట్టేసిందంటే నాకూ చేసినాడు. మాట దాచేదెందుకు, రెండు దినాలు హాయిగుండె. మూడో దినం మళ్ళ మామూలే. అయినా నా మెడ గురించి గాదు గదా యవ్వారం. నా ఎముక పెరిగేది ఎప్పుడో నిలిచిపోయింది. దాన్ని ఎట్ల తిప్పినా అది ఈడనే ఉంటాది. పిల్లది అట్లగాదే!

ఫోటో సంగతి నీకు జ్ఞాపకం ఉండాదా? నువ్వే తీస్తివి. మొదట్లో తీసినప్పుడు పిల్ల ఊరికే నిలబడిండాది. పది వారాలైనాక రెండోది తీసేటప్పుడు మీ ఆయన, "గాలి బాగా పీల్చి నిలబడు పాపా, భుజాలు వెనక్కి, ఆ... అట్లా" అనె. పిల్ల గాలి పీల్చి బిగబట్టుకోని నిలబడె. టక్కుమని తీస్తివి. రెండూ పక్కపక్కన పెడితే, అబ్బా, నాకే ఆశ్చర్యం!

వంకరున్నప్పుడు ఎవురికీ చెప్పొద్దన్న్యోడు, సక్కగయిందని అనుకుంటూనే ఆ ఫోటోలు వాట్సాప్‌లో ఊరంతా పంపినాడు. కింద మీ సెంటరు పేరు కూడా పెట్టినాడు, ఉత్తపుణ్యానికి.

ప్రసూన ఒకసారి అడిగింది. "నాలుగు నెలలకు రమ్మన్నారు గదండీ, అనంతపురం పోయొద్దామా?" అని. వాడు ఎగిరిపడె. "సక్కగైన పిల్లను తీసుకపోయి, వంకరుందని చెప్పించుకోని రావల్లనా?" అనె. ఎంత తెలివి చూడు! ఎక్స్‌రే తీస్తే గదా వంకర ఉండేది, తీయకపోతే లేనట్లే గదా!

పిల్లకు తెలిసిపోయిందమ్మా. పిల్లోళ్ళను మోసం చేసేది మనమనుకున్నంత సులువు గాదు. మీ సెంటర్లోనే అడిగింది, నువ్వు కూడా ఆడే ఉంటివి. "అంకుల్, ఎక్స్‌రే తీసి చూద్దామా?" అని. మీ ఆయన నవ్వి, "అదంతా రేడియేషన్, పిల్లలకు మంచిది కాదు. నా చేతులే నా ఎక్స్‌రే" అనె. అందరం నవ్వితిమి. అది నవ్వలే.

ఇంటికొచ్చినాక చెనిక్కాయలు ఒలుస్తాంటే నా పక్కన వచ్చి కూచునింది. తనూ రెండు కాయలు ఒలిచి, "జేజీ" అనె.

"ఏమి తల్లీ?"

"గాలి వదిలేస్తే నేను మళ్ళ వంకర పోతానా?"

ఏమి చెప్పల్ల తల్లీ నేను? నువ్వైతే ఏమి చెప్తువు? అంత మాట అంత నిదానంగా అడిగింది.

ఆ పొద్దు నుంచి చూస్తే, అది ఎప్పుడూ గాలి బిగబట్టుకునే ఉంటాది. అద్దం ముందర నిలబడినా అంతే. బస్సుకు నిలబడినా అంతే. వాళ్ళ నాయన గదిలోకి వస్తే సాలు, ఠక్కున పీల్చి నిలబడేది. వాడు చూసి మురిసిపోయేది. "చూసినావామ్మా, ఎట్లుండాదో పోలీసు మాదిరి!" అని.

దాంట్లోనే ఆ ఎండాకాలం పిల్ల పెద్దమనిషాయె. జొన్నదంటు లేసినట్లు లేసింది, చూస్తాండంగనే అమ్మ భుజం దాటిపోయె. లంగా కుట్టిస్తే ఒకపక్క పైకి, ఒకపక్క కిందికి. ప్రసూన గమ్మున ఇప్పి మళ్ళ కుట్టేది. టైలరును ఒక మాట అనలే. నాకు అప్పుడే అర్థమాయె, నా కోడలు లోపల ఏదో ముడేసుకుంటాందని.

ఇంగ మీటింగు కథ. పెద్ద నాయకుడు ఒకాయన గోరంట్లకు వస్తాండాడని మా వాడు వారం దినాలు నిద్ర లేదు. మార్కెట్ యార్డులో షామియానా. పూలగుచ్ఛం ఎవరిస్తారంటే, నా కూతురే ఇస్తాది అనె. పిల్లకు పట్టులంగా కట్టించినాడు. తినేదానికి కూడా తీరిక లేకుండా పొద్దున్నే తీసుకపోయినాడు. స్టేజీ ఎక్కించేటప్పుడు చెవిలో ఏమి చెప్పినాడో తెలుసునా? "అందరూ చూస్తాంటారు. గాలి పీల్చి నిలబడు" అని.

అది వాళ్ళ నాయన మాట తీసేసే పిల్ల గాదు. పీల్చి నిలబడె.

పెద్దాయన పూలగుచ్ఛం తీసుకోని, పిల్ల తల మీద చెయ్యి పెట్టి, మైకు పట్టుకునె. మైకు పట్టుకున్న్యాక వదిలే జాతి గాదు గదా అది! నీళ్ళు తెస్తామనె, పరిశ్రమలు తెస్తామనె, పోయినసారి తెస్తామనిందే మళ్ళ తెస్తామనె. పిల్ల ఆయన పక్కనే. దిగమని ఎవురూ చెప్పలే. ఇంత గాలి పీల్చుకునేది, బిగబట్టుకునేది, ఇంతే వదిలేది, మళ్ళ పీల్చుకునేది. కింద మొదటి వరసలో నేనూ ప్రసూనా కూచునుండాం. పిల్ల మొగం తెల్లగా పోతాంది. ప్రసూన అప్పటికే లేసి జనంలో దారి చేసుకుంటాంది.

ఆయన మాట అయిపోయె. చప్పట్లు. మా హరినాథ్ గబగబా పోయి శాలువా కప్పి, కాళ్ళకు దండం పెట్టల్లని వంగినాడు. వాడు వంగిన క్షణానికే నా మనవరాలు పడిపోయె. చెక్కల మీద దబ్బుమని. జిందాబాద్‌లల్లో ఆ శబ్దం ఎవురికి వినపడల్ల? వాడు తల పైకెత్తేటప్పటికి బిడ్డ వాళ్ళమ్మ ఒళ్ళో ఉండాది.

మరుసనాడు పేపర్లో ఫోటో వచ్చిందిలే. వాడు వంగిండేది శానా బాగా పడింది. పిల్ల కింద పడిండేది వాళ్ళే కత్తిరించినారు.

ఈడ డాక్టరు చూసి, ఏమీ లేదు, తినలేదు, ఎండ, ఊపిరి బిగబట్టింది అన్న్యాడు. సెలైన్ ఎక్కించినాక పిల్ల కండ్లు తెరిచి, "నేను గాలి వదిలేస్తినా అమ్మా?" అనె. అంతే. ప్రసూన లేసింది. డ్రైవరును పిలిచి, "అనంతపురం పోనీ" అనె. మా వాడు ఫోను మీద ఫోను చేస్తాండాడు. ఎత్తలే. పద్నాలుగేండ్ల కాపురంలో నా కోడలు మొగుని ఫోను ఎత్తకపోయేది అదే మొదటిసారి. నేను పక్కన కూచోని ఏమీ తెలియనిదాని మాదిరి తమలపాకు నములుతాంటి.

ఆ డాక్టరు పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే పక్కపక్కన పెట్టె. ఈసారి గాలి పీల్చమని ఎవురూ చెప్పలేదు. ఇరవై నాలుగు ముప్పైయారు అయిండాది.

"ఇన్ని దినాలు ఎక్కడికి పోయినారమ్మా?" అని అడిగె. ప్రసూన దాచకుండా చెప్పింది. తిడతాడేమో అనుకుంటి. తిట్టలే.

"కండరాల నొప్పికి అట్లాంటివి కొందరు పెద్దోళ్ళకు హాయిగా ఉంటాయి. నేను కాదనను. పెరిగే పిల్లల వెన్ను వంకర మాత్రం దాంతో తిరగదమ్మా" అన్న్యాడు. "ఇంకా పెరిగే వయసుంది గాబట్టి బ్రేస్ పని చేయొచ్చు. ఇప్పుడే మొదలు పెట్టాల. సక్కగవుతుందని చెప్పను. ఇంకా ముదరకుండా ఆపేదానికి చూద్దాం."

చూడు జ్యోతిలక్ష్మీ, మీ ఆయన చేతుల్తో నా మనవరాలికి దెబ్బ తగిలిందని నేను అనలే. అంటే నా కండ్లు పోతాయి. పోయింది ఒకటే, ఆ ఏడాది. నువ్వు ఈ సీమలో పుట్టినదానివే గదా, నీకు చెప్పల్లనా? వాన పదును ఉన్నప్పుడే ఇత్తనం పడల్ల. పదును పోయినాక నువ్వు ఎంత బాగా దున్ను, ఎంత ముద్దుగా దున్ను, లేసేది దుమ్మే.

ఇంటికొస్తే మా వాడు కూలబడి ఉండాడు. ఎక్స్‌రే చూసె. తల పైకెత్తి, "ఆ డబ్బా తొడుక్కోని తిరిగితే ఊర్లో ఏమనుకుంటారు?" అనె.

నా కోడలు అనింది, "ఊరి సంగతి నేను అడగలేదండీ. మీరేమనుకుంటారో చెప్పండి."

వాని జవాబుకు ప్రసూన కాసుకోని కూచోలే. మరుసటి వారమే బెంగుళూరు పోతిమి, ఆడోళ్ళం ముగ్గురమే. పిల్ల వొంటికి కట్టు కట్టి అచ్చు తీసుకునిరి. తర్వాత పిలిచి తొడిగిరి. గట్టి ప్లాస్టిక్కు, ఎనకాల పట్టీలు, చంకల కాడి నుంచి తుంటి దాకా. తాబేలు మాదిరి ఉండాది. స్నానానికీ ఆటకీ తప్ప తీయగూడదు. పండుకున్న్యా ఉండల్ల. అదీ గోరంట్ల ఎండలో!

మొదటి వారం పిల్ల ఏడ్చింది. ఏడవకుండా ఎట్లుంటాది? నడుము కాడ ఎర్రగా కమిలిపోయింది. నా పాత నూలు చీరలు, ఉతికి ఉతికి దూది మాదిరైనవి, కోసి ప్రసూన లోపలికి బనీన్లు కుట్టింది. అది చెమటకు తడిసేది, మార్చేది. తడిసేది, మార్చేది. మెల్లగా అలవాటు పడె.

ఇస్కూల్లో పిల్లోళ్ళు ఊరుకుంటారా? వీపు మీద టక్‌టక్‌మని కొట్టి చూసేది. ఇది ఎనక్కి తిరక్కుండానే, "తలుపు తీయను, పనేందో బయటనుంచే చెప్పు" అనేదంట. నాలుగు దినాలకు వాళ్ళకే యాష్టకొచ్చి మానుకునిరి.

ఇంగొక మాట చెప్తా, కాఫీ తాగు. మా వాడు ఒకనాడు పార్టీ వాళ్ళను భోజనానికి పిలిచినాడు. పిల్లతో, "అర్ధగంట అది తీసేయ్ పాపా, పెద్దోళ్ళు వస్తాండారు" అనె. అది ఏమనిందో తెలుసునా? "స్నానానికి, ఆటకి తీయమన్న్యారు నాయనా. వాళ్ళు రెండిట్లో ఏది?" అనె. నేను వంటింట్లో గరిటె కింద పెట్టి నవ్వితి. తీయలే. ఆ డబ్బాతోనే వాళ్ళకు నీళ్ళిచ్చింది. వాళ్ళల్లో ఒకాయన, "ఏమి పాపా ఇది?" అంటే అంతా ఇవరంగా చెప్పింది, ఆ నోరు తిరగని పేరుతో సహా. ఆయన వింటా వింటా నిలిచిపోయి, "మా చెల్లెలి కూతురికి కూడా వీపు ఒకపక్క లేసిండాదమ్మా" అనె. మా వాడు అన్నం కలుపుతాండేది ఆపేసినాడు.

ఇప్పుడెట్లుండాదంటావా? ఏడాది దాటింది తొడగబట్టి. పోయినసారి ముప్పైనాలుగు. రెండు తగ్గింది తగ్గినట్లు గాదంట, కొలిచేదాంట్లో అంత అటూ ఇటూ ఉంటాదంట. పెరగలేదు, అంతే. డాక్టరు దానికే పండగ చేసుకున్న్యాడు. ఇంగా తొడగల్ల, పెరిగేది నిలిచేదాకా. ఈ పొద్దు కూడా ఆ చూపించేదానికే పోయినారు ఇద్దరూ. వంకర ఉండాదమ్మా. ఉంటాది. వంగితే ఇప్పటికీ కనపడతాది. అది గాలి బిగబట్టుకోకుండా తిరుగుతాండాది, నాకు అది సాలు.

సుష్మ ఖో-ఖోలో గెలిచిందని పేపర్లో వేసిన ఫోటో మీరు చూసి, మీ సెంటర్ పేజీలో పెట్టుకున్న్యారు గదా. దానికింద 'మా చేతుల మహిమ' అని రాసిన మాట మా ప్రసూన చదివి వినిపించింది. తిడతాదనుకుంటి. "పోనీండత్తా" అనె. దానికి అంతకంటే పెద్ద పనులున్నాయి.

మా వాడు మాత్రం మారినాడా? యాడ! మీ ఆయన బామ్మర్దికి పార్టీలో ఏదో పదవి వచ్చిందంట గదా. నీ తమ్ముడా? అదీ సంగతి. అందుకే ఈ వీడియో. కూతురి వీపు మీద ఇంగొక మెట్టు ఎక్కొచ్చని.

ఏమి? నీకు ముందే తెలుసునా ఇదంతా? తల ఎందుకు దించుకుంటావు తల్లీ, నిన్ను అనలేదు. ఆ ఫోను ఆపినావా? బాగా ఆపినావా? చూపించు. ఆ... సరే.

ఒక మాట చెప్తా. మగోళ్ళకు గాదు ఇది.

మొన్న ఎండలకు మా వానికి వీపంతా చెమటకాయలు లేసె. చొక్కా ఇప్పి నా ముందర కింద కూచోని, పౌడరు రాయమ్మా అని ముందుకు వంగినాడు. రాస్తాంటే నా చేతికి తగిలె. కుడిపక్క లేసిండాది. పిల్లకున్నంత లేదు, రొంత. అయినా అదే పక్క, అదే తావు. డాక్టరు మొదటి దినమే అడిగినాడు, ఇంట్లో ఇంగెవరికైనా ఉందా, కొన్ని ఇండ్లల్లో వరసగా వస్తాది అని. మా వాడు, "మా వైపు లేదు" అని కొట్టి చెప్పినాడు. రెండేండ్లుగా ప్రసూనను పుట్టింటి మాటతో పొడుస్తానే ఉండాడు.

నేను పౌడరు డబ్బా ఆడనే పెట్టి, నేరుగా కోడలి తావకు పోతి. "ప్రసూనా, ఇట్లుండాది" అంటి.

అది బియ్యం ఏరుతాండాది. తల ఎత్తకుండానే అనె, "నాకు తెలుసు అత్తా. ఆ దినం పిల్లకు తలకు పోస్తాన్నప్పుడే తెలిసె. ఆయన వీపు చూడబట్టి పదహైదేండ్లు గాలేదా?"

"మరి అన్ని మాటలు ఎందుకు పడితివే?" అంటి.

"చెప్పింటే పిల్లను వదిలేసి తన వీపు కోసం ఏడ్చుకుంటా కూచునేటోడు. అప్పుడు నేను పిల్లను చూసుకోవల్లనా, ఆయన్ను చూసుకోవల్లనా?" అనె. మళ్ళ బియ్యం ఏరుకుంటాంది.

వానికి చెప్పలేదు, చెప్పేది లేదు. ఆ వయసుకు అది వాన్ని ఏమీ చేయదంట. ఉన్నట్లు కూడా తెలియకుండా బతికిపోతాడు.

వంగేటోని వీపు ముందరున్నోనికి కనపడదమ్మా. వానికి కనపడేది నెత్తొకటే. వీపు కనపడేది ఎనకాల నిలబడిండే మనకే. మీ ఆయన వైద్యం సంగతి మాత్రం నీకు తెలియకుండా ఉంటాదా?

ఊ. చెప్పొద్దులే. తాగు, సల్లారిపోతాంది.